న్యాయ వాణిజ్యము – ధర చెప్పు హక్కు ఎవరిది?

సంతకు సరుకు తెచ్చినవాడు ధర చెప్పును, కొనవచ్చినవాడు బేరమాడును. కుండలమ్మువానికైనను గంపలమ్మువానికైనను ఇదియే పద్ధతి. పంట పండించువాని విషయమున మాత్రము ఈ క్రమము తలక్రిందులగుచున్నది. విత్తనములు కొనబోయినపుడు "ఎంత?" అని అడుగువాడతడే, పంట అమ్మబోయినపుడును "ఎంతకు తీసికొందురు?" అని అడుగువాడతడే. రెండు చోట్లను ధర చెప్పువాడు వేరొకడు. ఆ పంట పరదేశమునకు పోవునదైనచో ఈ దూరము మరింత పెరుగును. మెక్సికో కొండలపై కాఫీ పండ్లు కోయు కుటుంబము తన గింజల ధర న్యూయార్కు నగరమున నిర్ణయమగుచున్నదని వినుటయే కాని, ఆ నిర్ణయమున దానికెట్టి పాత్రయు లేదు.

ఈ స్థితిని మార్చవలెనని ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున తలయెత్తిన ఉద్యమమునకు ఇంగ్లీషున ఫెయిర్ ట్రేడ్ అని పేరు. తెలుగున న్యాయ వాణిజ్యమని చెప్పుకొనవచ్చును. దీనిని కొందరు దానధర్మములలో ఒక విధముగా భావింతురు. అది పొరపాటు. ఆరంభదశలో దయ పాలు ఇందు ఎక్కువగా నుండిన మాట నిజమే. కాని క్రమక్రమముగా ఈ ఉద్యమము దయను విడిచి హక్కు వైపు నడచినది. ఆ నడక ఎంతవరకు సాగినది, ఎచ్చట తడబడినది యనునదే ఇచ్చట పరిశీలింపదగిన విషయము.

కొనువాని మనస్సాక్షి వర్తకమును కదలింపగలదను భావన చాల పాతది. 1791లో బానిస వర్తకమును నిషేధింపవలెనను ప్రతిపాదనను బ్రిటిషు పార్లమెంటు త్రోసివేసెను. అదే సంవత్సరము విలియం ఫాక్స్ అను నతడు ఒక చిన్న కరపత్రమును ప్రచురించి, వెస్టిండీసు దీవులలో బానిసలచే చేయింపబడిన చక్కెరను ఎవరును వాడరాదని ప్రజలను కోరెను. చట్టసభ చేయనిదానిని వంటయిల్లు చేయబూనెను. సుమారు మూడు లక్షల మంది చక్కెర మానివేసిరని ఆ కాలపు ఉద్యమకారుడు థామస్ క్లార్క్‌సన్ అంచనా వేసెను. పిమ్మట కొందరు గృహస్థులు "బానిసలు చేయని తూర్పు ఇండియా చక్కెర" అను అర్థము గల మాటలు వ్రాయించిన పింగాణి గిన్నెలను తమ బల్లలపై నుంచుకొనిరి. తూర్పు ఇండియా యనగా మన దేశమే. కంపెనీ పాలనలో నాటి మన రైతు ఎంత స్వేచ్ఛాజీవియో ఆ గిన్నెలపై వ్రాయబడలేదు. అమెరికాలోను క్వేకరు సంఘస్థులు మొదలగువారు బానిసల చేతి పని లేని ప్రత్తి, చక్కెర మాత్రమే అమ్ము దుకాణములను 1820 ప్రాంతము తరువాత నడపిరి.

ఇవన్నియు వస్తువును మానుటకు సంబంధించిన ఉద్యమములు. మానుటవలన అన్యాయము చేయువానికి నష్టము కలుగవచ్చును గాని, శ్రమించినవాని చేతికి చిల్లిగవ్వ యైనను చేరదు. కొని మేలు చేయుట యనునది ఆ తరువాత నూరేండ్లకు పైగా గడచిన పిమ్మట వచ్చిన ఆలోచన.

1946లో ఎడ్నా రూత్ బైలర్ అను అమెరికను స్త్రీ పోర్టోరికో దీవికి వెళ్లెను. ఆమె మెన్నొనైటు క్రైస్తవ శాఖకు చెందిన గృహిణి. అచ్చట పేద స్త్రీలు నారబట్టలపై అతి సున్నితమైన కుట్టుపని చేయుట ఆమె చూచెను. పనితనమునకు కొరత లేదు, కొనువారే లేరు. ఆమె కొన్ని వస్త్రములను తనతో తెచ్చి పెన్సిల్వేనియా రాష్ట్రమున తన పరిచితులకు అమ్మి, ఆ సొమ్మును కుట్టినవారికి చేర్చెను. తరువాత పాలస్తీనా కాందిశీకుల కుట్టుపనియు, హైటీ దీవి కొయ్య వస్తువులును చేరినవి. కారులో సరుకు వేసికొని ఊరూర తిరిగి అమ్మిన ఆ వ్యాపారమే క్రమముగా పెద్ద సంస్థయై, 1996లో 'టెన్ థౌజండ్ విలేజెస్' – అనగా పదివేల గ్రామములు – అను పేరు దాల్చెను. 1949లో బ్రెద్రెన్ శాఖవారు 'సెర్వ్' అను సంస్థను స్థాపించి, యుద్ధమువలన ఇల్లు వాకిలి కోల్పోయిన ఐరోపా కాందిశీకుల చేతిపనులను అమ్మిపెట్టిరి. 1950 దశాబ్ది చివర ఇంగ్లండులోని ఆక్స్‌ఫామ్ సంస్థ హాంగ్‌కాంగులోని చైనా కాందిశీకులు చేసిన వస్తువులను తన దుకాణములలో నుంచెను.

ఈ దశను తక్కువ చేసి చూడరాదు. కాని దాని పరిమితి స్పష్టము. కొనువారు వస్తువు అవసరమై కాక, చేసినవారిపై జాలిచే కొనుచుండిరి. జాలికి మితము గలదు. ఒక ఇంట ఎన్ని కుట్టుబట్టలు పట్టును?

ఇంతలో ప్రపంచ రాజకీయములలో వేరొక వాదము బలపడెను. 1964లో జెనీవాలో ఐక్యరాజ్యసమితి వాణిజ్యాభివృద్ధి మహాసభ తొలిసారి సమావేశమైనది. దానికి ప్రధాన కార్యదర్శి అర్జెంటీనా దేశపు ఆర్థికవేత్త రౌల్ ప్రెబిష్. ముడి సరుకులు అమ్ము దేశములు నానాటికి ఎక్కువ సరుకు ఇచ్చి తక్కువ యంత్రములు కొనవలసి వచ్చుచున్నదని ఆయన చిరకాలముగా వాదించుచుండెను. ఉదాహరణకు, ఒక ట్రాక్టరు కొనుటకు నిన్న పది బస్తాల కాఫీ చాలినచో నేడు ఇరువది కావలెను. లోపము పండించినవాని సోమరితనమున లేదు, మారకపు నిష్పత్తిలో నున్నది. ఈ మహాసభ రెండవ సమావేశము 1968లో మన ఢిల్లీలోనే జరిగెను. "సహాయము కాదు, వాణిజ్యము కావలెను" అను నినాదము ఆ రోజులలో పేద దేశముల నోట మారుమ్రోగెను. ప్రభుత్వముల మధ్య చర్చలు ఫలించినది స్వల్పమే యైనను ఆ నినాదమును పశ్చిమ ఐరోపా యువకులు కొందరు అందిపుచ్చుకొనిరి.

వారిలో డచ్చివారు, అనగా నెదర్లాండ్సు వాసులు, అగ్రగణ్యులు. ఆ దేశమున కెర్క్రాడె అను గని కార్మికుల పట్టణమున 1959లో కొందరు కాథలికు యువకులు ఒక సహాయ సంఘమును స్థాపించిరి. కొలది కాలమునకు ఆ సంఘమే పేద దేశముల వస్తువులను దిగుమతి చేయు సంస్థగా మారెను. 1968లో డచ్చి ఉద్యమకారులు చెరకు చక్కెరను ప్రచారవస్తువుగా ఎన్నుకొనిరి. ఐరోపా దేశములు తమ బీటుదుంప చక్కెరకు రాయితీలిచ్చి, ఉష్ణదేశముల చెరకు చక్కెరపై సుంకములు వేయుచుండెను. ఒక చేత సహాయధనమిచ్చి రెండవ చేత అంగడి తలుపు మూయుట యేమి న్యాయమని వారడిగిరి. 1969లో బ్రూకెలెన్ అను ఊరిలో మొదటి 'ప్రపంచ దుకాణము' తెరువబడెను. అట్టివి అనతికాలముననే ఆ దేశమంతట వెలసినవి. చక్కెర పొట్లముతో పాటు దాని కథ చెప్పు కరపత్రము కూడ కొనువాని చేతికి వచ్చెడిది. 1973లో గ్వాటెమాలా సహకార సంఘముల కాఫీ ఈ దుకాణములకు చేరెను.

కాఫీ రాకతో ఉద్యమ స్వరూపమే మారినది. కుట్టుబట్ట ఒకసారి కొన్నచో పదేండ్లుండును. కాఫీ పొట్లము వారమునకు ఖర్చగును. కోట్ల కొలది చిన్న రైతుల బ్రదుకు దానిపై ఆధారపడి యున్నది. అయినను 1980 నాటికి ప్రపంచ దుకాణముల అమ్మకము ఒక స్థాయిలో ఆగిపోయెను. ఆ కాఫీ రుచి అంతంతమాత్రమని దానిని త్రాగినవారే ఒప్పుకొనెడివారు. సామాన్య గృహిణి తన సరుకులు కొను అంగడిలో అది దొరకదు. దానికై ప్రత్యేకముగా వేరొక వీధికి పోవలెను. ఆదర్శవాదులు పోయిరి, తక్కినవారు పోలేదు.

ఇక కథ మెక్సికో దేశమునకు మరలవలెను. ఆ దేశమునకు దక్షిణమున వహాకా అను కొండ రాష్ట్రము కలదు. అచ్చట జపొటెక్, మిహె, చొంటాల్ మొదలగు ఆదివాసి తెగలవారు చిన్న చిన్న కమతములలో కాఫీ పండింతురు. కాఫీ పంట ఏడాదికొకసారి చేతికి వచ్చును. ఆకలి మాత్రము ప్రతిదినము వచ్చును. ఈ రెంటి నడుమ నిలుచువాడు దళారి. ఆ ప్రాంతమున అతనిని 'కొయోటె' యందురు. అది నక్కను పోలిన ఒక అడవి మృగము పేరు. మొక్కజొన్నలు అప్పిచ్చువాడతడే, గింజలు తూచువాడతడే, కొండ దిగుటకు వాహనము గలవాడతడే. అప్పు గలవాడు తూనికను ప్రశ్నింపలేడు. వాహనము లేనివాడు వేరొక కొనుగోలుదారుని వెదకలేడు. కావున కాటా ఎంత చూపినను అంతే బరువు, దళారి ఎంత చెప్పినను అంతే ధర. మన పల్లెలలో పొగాకో ప్రత్తియో పండించి అప్పిచ్చిన షావుకారుకే తూచినవారికి ఈ వర్ణన క్రొత్తగా తోచదు.

1980లో ఫ్రాన్స్ వాన్ డెర్ హోఫ్ అను డచ్చి మతాచార్యుడు ఆ కొండలకు వచ్చెను. చిలీ దేశమున పని చేయుచుండగా 1973లో సైనికులు అధికారమును కాజేయుటచే ఆయన ఆ దేశమును విడిచి మెక్సికో చేరినవాడు. రైతులు, ఆయన కలసి కూర్చుండి తమ దారిద్ర్యమునకు మూలమేమని తర్కించిరి. లెక్కలు వేసిన కొలది ఒక సంగతి బయటపడెను. కాఫీకి తమకు ముట్టు ధరకును, అది నగరమున అమ్ముడగు ధరకును నడుమ గల సొమ్ములో అధికభాగము తాము తప్పించుకొనగల దారులలోనే పోవుచున్నది. అందరును కలసి కాఫీని పోగుచేసి తామే తూచి, తామే ఎగుమతి చేయుటకు నిశ్చయించుకొనిరి. 1983లో ఆ ప్రాంతపు ఆదివాసి గ్రామముల సంఘము ఏర్పడెను. స్పానిషు నామములోని తొలి అక్షరములను బట్టి దానిని 'ఉసిరి' అని పిలుతురు. తెలుగు చెవికి ఆ పేరు చుట్టమువలె వినబడును గాని ఉసిరికాయతో దానికి సంబంధము లేదు.

దళారులు ఊరకుండలేదు. సంఘమునకు వ్యతిరేకముగా బెదిరింపులును దౌర్జన్యములును సాగినవి. కొందరు సభ్యులు హత్యకు గురియైరి. అయినను సంఘము నిలిచెను. రైతుబిడ్డలకు వ్యవసాయ విద్య నేర్పు పాఠశాలను పెట్టుకొనెను. కొండ దిగుటకు తన సొంత బస్సులను నడపెను. ఈ బస్సుల సంగతి చిన్నదిగా కనబడవచ్చును. కాని దళారి బలములో మూడవ వంతు అతని వాహనముననే యున్నదని ముందు చెప్పిన దానిని బట్టి గ్రహింపవచ్చును.

ఈ రైతులకు ఐరోపాలోని క్రైస్తవ సహాయ సంస్థలు ధనము పంపుచుండెను. 1980 దశాబ్ది నడుమ అట్టి డచ్చి సంస్థ 'సాలిడారిడాడ్' ప్రతినిధులతో రైతులు తమ మనసులోని మాట చెప్పిరి. బడులకును బావులకును ఏటేట ఇచ్చు విరాళము మంచిదే గాని, మా కాఫీకి న్యాయమైన ధర ఇచ్చినచో ఆ బడులు మేమే కట్టుకొందుమని ఆ మాటల సారాంశము. ఈ ఉద్యమ చరిత్ర యంతటిలో ఇంతకన్న ముఖ్యమైన మాట లేదు. దాత ఎదుట నిలిచి దానము చాలును, ధర ఇమ్మని అడుగుట సామాన్యమైన ధైర్యము కాదు.

సాలిడారిడాడ్‌లో నీకో రోజెన్ అను యువకుడు, వాన్ డెర్ హోఫ్ కలసి ఉపాయమాలోచించిరి. ప్రపంచ దుకాణముల పరిధి దాటి మామూలు అంగళ్లలో ఈ కాఫీ చేరవలెను. ముందుగా పెద్ద కాఫీ కంపెనీలను కోరిరి, అవి సమ్మతింపలేదు. సొంత కాఫీ వ్యాపారము పెట్టవలెనను ఆలోచనయు జరిగెను. తుదకు వేరొక మార్గము తట్టెను. వ్యాపారమును తాము చేయక, ఒక ముద్రను మాత్రము తాము కాపాడవలెను. రైతు సంఘముల నుండి నిర్ణీత నియమముల ప్రకారము కొన్న ఏ వర్తకుడైనను ఆ ముద్రను తన పొట్లముపై వేసికొనవచ్చును. 1988 నవంబరు 15న ఆ ముద్రతో తొలి కాఫీ పొట్లము నెదర్లాండ్సు యువరాజు క్లౌస్‌కు అందింపబడెను.

ముద్రకు వారు పెట్టిన పేరు 'మాక్స్ హావెలార్'. ఇది ఒక నవలానాయకుని పేరు. ఎడువర్డ్ డౌవెస్ డెకర్ అను డచ్చి అధికారి జావా ద్వీపమున ఉద్యోగము చేసి, అచ్చటి రైతులపై జరుగు అక్రమములను సహింపలేక 1856లో రాజీనామా చేసెను. 1860లో ముల్తాతూలి యను కలము పేరుతో ఆయన వ్రాసిన నవలయే మాక్స్ హావెలార్. డచ్చి ప్రభుత్వము జావా రైతులచే నిర్బంధముగా కాఫీ మొదలగు పంటలు వేయించి తన బొక్కసమును నింపుకొనిన కథ అందు వెల్లడియైనది. ఆ దేశమున బడి చదువు చదివిన ప్రతివానికి ఆ పేరు తెలియును. అనగా పొట్లముపై ఆ పేరు చదివిన డచ్చి పౌరునకు, వేరు వివరణ లేకయే, తన తాతల నాటి అప్పు గుర్తుకు వచ్చును.

ముద్ర వెనుక గల నియమములను కొంచెము వివరముగా తెలిసికొనుట అవసరము. మొదటిది, రైతులు ప్రజాస్వామ్య పద్ధతిలో నడచు సంఘముగా నుండవలెను. కొనుగోలు ఆ సంఘము నుండి నేరుగా జరుగవలెను. రెండవది, ధరకు ఒక నేల యుండును. అనగా ప్రపంచ విపణిలో ధర ఎంత పడిపోయినను సంఘమునకు ఆ మేరకు తక్కువ ఇయ్యరాదు. విపణి ధర నేలకు పైకి పోయినచో విపణి ధరయే ఇయ్యవలెను. మూడవది, ధరకు అదనముగా కొంత సొమ్ము చెల్లింపవలెను. దీనిని సభ్యులందరు సభ చేసి, రహదారికో బడికో గింజలారబెట్టు కళ్లమునకో తమ ఇష్టప్రకారము వినియోగింతురు. నాలుగవది, సంఘము కోరినచో పంట విలువలో కొంత భాగమును ముందుగానే చెల్లింపవలెను. ఈ నాలుగవ నియమము లేనిచో తక్కిన మూడును వ్యర్థమే. ఏలనన, ఆకలి నెలలలో అప్పిచ్చువాని చేతికే పంట పోవును.

మన రైతులకు 'గిట్టుబాటు ధర' అను మాట చిరపరిచితము. ఇచ్చట నేల ధర యనునది దాదాపు అదియే. భేదమేమనగా, మన దేశమున వరికిని గోధుమకును ప్రభుత్వము మద్దతు ధర ప్రకటించును. ఇచ్చట ప్రభుత్వము లేదు, చట్టము లేదు, దూరదేశపు కొనుగోలుదారుని సమ్మతి మాత్రమే కలదు.

ముద్ర పుట్టిన ఎనిమిది నెలలకే దానికి అగ్నిపరీక్ష వచ్చెను. 1962 నుండి కాఫీ పండించు దేశములును త్రాగు దేశములును కలసి ఒక అంతర్జాతీయ ఒప్పందము క్రింద ఏ దేశమెంత ఎగుమతి చేయవలెనో నిర్ణయించుకొని ధరలను నిలబెట్టుచుండెను. 1989 జూలైలో ఆ వాటాల పద్ధతి రద్దయ్యెను. అంతట ఎవరికి వారు నిల్వలను విపణిలో కుమ్మరించిరి. పౌను, అనగా సుమారు 450 గ్రాముల కాఫీ గింజలు, డాలరునకు పైబడి పలికినవి కొలది నెలలలో 70, 80 సెంట్లకు దిగెను. 1992 నాటికి 50 సెంట్ల ప్రాంతమునకు చేరెను. న్యాయ వాణిజ్యపు ధర అదనపు సొమ్ముతో కలసి 126 సెంట్లు. లెక్క చూడుడు: నూరు పౌనుల బస్తాకు బయట 50 డాలర్లు, ఈ మార్గమున 126 డాలర్లు. ఈ సొమ్మంతయు రైతు చేతికి వచ్చునని భ్రమింపరాదు. అది సంఘమునకు ముట్టునది. అందుండి శుభ్రము చేయు ఖర్చు, రవాణా, పాత అప్పులు పోవలెను. ఐనను ఆ యేండ్లలో అనేకులు తోటలను విడిచి వలసపోవుచుండగా కొన్ని సంఘములవారు ఊళ్లలో నిలువగలిగిరి. 2001లో ధర మరల 50 సెంట్ల దిగువకు పడినపుడును ఇదియే జరిగెను.

ముద్ర విధానము వేగముగా వ్యాపించెను. జర్మనీలో 1992లో, ఇంగ్లండులో అదే సంవత్సరము, అమెరికాలో ఆ దశాబ్ది చివర ముద్ర సంస్థలు ఏర్పడెను. ఇంగ్లండులో 1994లో తొలి ముద్రిత వస్తువుగా వచ్చినది బెలీజు దేశపు మాయా తెగ రైతుల కోకోతో చేసిన చాకొలెట్టు. 1997లో వివిధ దేశముల సంస్థలు కలసి జర్మనీలోని బాన్ నగరము కేంద్రముగా ఒక అంతర్జాతీయ సంస్థను స్థాపించినవి. 2002లో అందరికి ఒకే ముద్ర వచ్చినది. చేతిపనుల సంస్థలు 1989లోనే వేరుగా సమాఖ్యగా నేర్పడినవి. అదియే నేటి ప్రపంచ న్యాయ వాణిజ్య సంస్థ. ఇంగ్లండులో గార్‌స్టాంగ్ అను చిన్న ఊరు 2000లో తన్ను తాను న్యాయ వాణిజ్య పట్టణముగా ప్రకటించుకొనెను. దాని చేరువలోని లాంకాస్టర్ రేవు ఒకప్పుడు బానిస ఓడలకు నెలవు. పిమ్మట రెండువేలకు పైగా పట్టణములు ఆ బాట పట్టినవి.

ఈ కాలపు ప్రయత్నములలో ఘనా దేశపు కోకో రైతుల గాథ ప్రత్యేకముగా చెప్పదగినది. 1993లో ప్రభుత్వము కోకో కొనుగోలును ప్రైవేటు సంస్థలకు విడుచుచున్న వేళ, రైతులు 'కువాపా కోకూ' అను సొంత సంఘమును పెట్టుకొనిరి. ఆ మాటకు మంచి కోకో రైతు అని అర్థము. ఊరిలో కోకో తూచువానిని రైతులే ఎన్నుకొందురు. కాటా దగ్గర మోసము లేదను పేరే ఆ సంఘమునకు వేల సభ్యులను తెచ్చెను. అంతటితో ఆగక, 1998లో లండనులో స్థాపింపబడిన ఒక చాకొలెట్టు కంపెనీలో ఈ సంఘము వాటాదారైనది. తరువాత దాని వాటా నూటికి 45 వంతులకు పెరిగెను. 'డివైన్' అను పేరుతో అమ్ముడగు ఆ చాకొలెట్టు కంపెనీ పాలకవర్గమున ఘనా రైతులు కూర్చుండిరి. గింజ ధర చెప్పుట మొదటి మెట్టు. తయారైన సరుకు లాభములో పాలు పొందుట రెండవ మెట్టు. ఈ రెండవ మెట్టెక్కిన రైతు సంఘములు ప్రపంచమున బహు కొద్ది. 2020లో ఆ కంపెనీ ఒక జర్మను చాకొలెట్టు సంస్థ వశమై, రైతుల వాటా తగ్గిపోయినది.

మన ప్రాంతమున ఈ ఉద్యమము ప్రత్తి మూలమున ప్రవేశించెను. ప్రత్తికి న్యాయ వాణిజ్య నియమములు 2004 ప్రాంతమున రూపొందినవి. ఆ కాలముననే 'చేతన ఆర్గానిక్' అను సంస్థ తెలంగాణలోని పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోను, ఒరిస్సా, మహారాష్ట్ర పల్లెలలోను చిన్న ప్రత్తి రైతులను సంఘములుగా కూర్చి రసాయనములు లేని సేద్యమునకును న్యాయ వాణిజ్యమునకును మరల్చెను. ప్రత్తిలో చిక్కు అధికము. కాఫీ గింజ వేయించగనే సరుకగును; ప్రత్తి గింజ తీయుట, వడకుట, నేయుట, అద్దుట, కుట్టుట యను పలు చేతులు దాటి చొక్కాయగును. రైతుకు న్యాయమైన ధర ముట్టినదను ముద్ర గల చొక్కాను కుట్టిన స్త్రీకి ఎంత కూలి ముట్టినదో ఆ ముద్ర చెప్పకపోవచ్చును.

ఇట్టి ప్రశ్నలే తేయాకు విషయమునను వచ్చును. కాఫీలో న్యాయ వాణిజ్యము చిన్న రైతులకు మాత్రమే పరిమితము. తేయాకు, అరటి మొదలగువానిలో పెద్ద తోటలకును ముద్ర ఇచ్చుచున్నారు. అచ్చట అదనపు సొమ్మును కూలీల ప్రతినిధుల సంఘము వినియోగించును. యజమాని నీడలో నున్న కూలి సంఘమున తన మాట ఎంత నిర్భయముగా చెప్పగలడు? లండను విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు ఇథియోపియా, ఉగాండా దేశములలో పరిశీలించి 2014లో ప్రకటించిన ఫలితములు మరింత కలవరము కలిగించినవి. ముద్ర గల సంఘములున్న చోట్ల కూలికి పోవువారికి ముట్టు కూలి, తదితర ప్రాంతములకన్న తక్కువగా నున్నదని వారు వ్రాసిరి. ముద్ర సంస్థవారు ఆ పోలికలు సరియైనవి కావని వాదించిరి. వాదమెట్లున్నను ఒక సంగతి కాదనరానిది: రెండెకరముల రైతు చిన్నవాడే, కాని అతని చేనిలో కోతకు వచ్చు కూలి అతనికన్న చిన్నవాడు. రైతుకు ధర చెప్పు హక్కును వెదకిన ఉద్యమము కూలికి ఆ హక్కును చాలకాలము వెదకలేదు.

పెద్ద అంగళ్లలో ప్రవేశించుటవలన వచ్చిన చిక్కు వేరొకటి. ముద్ర అమ్మకమును పెంచును. అమ్మకము పెరిగిన కొలది పెద్ద కంపెనీల మాట చెల్లుబాటగును. తొలినాళ్లలో నిర్ణయించిన 126 సెంట్ల మొత్తము 2007 వరకు ఇంచుమించు కదలలేదు. ఆ నడుమ లోకమున వస్తువుల ధరలు దాదాపు రెట్టింపైనవి. 2004 నుండి ముద్రకై జరుగు తనిఖీ రుసుమును రైతు సంఘములును భరింపవలసి వచ్చెను. సంఘము నియమములన్నియు పాటించినను దాని పంటలో కొంత భాగమే ఈ ధరకు అమ్ముడగును. తక్కినది మామూలు విపణికే పోవును. 2011లో అమెరికా శాఖ, పెద్ద కాఫీ ఎస్టేటులకును ముద్ర ఇయ్యవలెనని పట్టుబట్టి అంతర్జాతీయ సంస్థ నుండి విడిపోయెను. కొన్ని పెద్ద వ్యాపార సంస్థలు తమ సొంత ముద్రలను చేసికొని పాత ముద్రను విడిచినవి. కేడ్‌బరీ కంపెనీ ప్రధానమైన చాకొలెట్టుపై 2009లో ఇంగ్లండున వేసిన ముద్రను 2016లో తన సొంత పథకమునకు మార్చుకొనెను. 2017లో సెయిన్స్‌బరీ అంగళ్లవారు తమ తేయాకు విషయమున ఇట్లే చేసిరి. అప్పుడు ఆఫ్రికా తేయాకు రైతులు నిరసన తెలిపిరి. అదనపు సొమ్మును ఎట్లు ఖర్చు చేయవలెనో ఇంతవరకు తాము నిర్ణయించుకొనుచుండగా, ఇక కొనువాడు నిర్ణయించునని వారి బాధ. సొమ్ము తగ్గునను భయముకన్న చెప్పు హక్కు పోవునను బాధయే అందు ముఖ్యమైనదని గమనింపవలెను.

రైతులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. లాటిన్ అమెరికా సంఘములు 2006లో చిన్న ఉత్పత్తిదారులకు మాత్రమే చెందిన ప్రత్యేక చిహ్నమును ప్రకటించుకొనినవి. అంతర్జాతీయ సంస్థ మహాసభలో ఉత్పత్తిదారులకు మొదట నామమాత్రమైన స్థానమే యుండెను. పోరగా పోరగా 2013 నాటికి సగము ఓట్లు వారివైనవి. నేల ధర 2011లో 140 సెంట్లకు, 2023లో 180 సెంట్లకు పెరిగెను. అదనపు సొమ్ము 20 సెంట్లైనది.

ఇటీవల పరీక్ష తిరుగబడి వచ్చినది. కరవువలన పంటలు తగ్గి, 2025 ఫిబ్రవరిలో న్యూయార్కున కాఫీ ధర పౌనుకు నాలుగు డాలర్లు దాటెను. అట్టి వేళ నేల ధరతో పని యుండదు. దళారి రొక్కము పట్టుకొని గుమ్మము ముందు నిలుచును. సంఘము సొమ్ము చేతికి వచ్చుటకు వారములు పట్టును. మునుపటి తక్కువ ధరకు పరదేశముతో ఒప్పందము చేసికొనిన సంఘములు తమ సభ్యుల నుండియే గింజలు రాక ఇబ్బంది పడును. ధర పడినపుడు సంఘమును వెదకుకొని వచ్చినవాడు ధర పెరిగినపుడు దళారికి తూచుట క్రొత్త సంగతి కాదు. 1997లో ధర మూడు డాలర్లు దాటినపుడును ఈ సంకటము తప్పలేదు. ఐనను పౌనుకు ముట్టు ఇరువది సెంట్ల అదనపు సొమ్మునకు విపణి ధర ఎంత పెరిగినను భంగము లేదు. నియమము ప్రకారము అందులో కనీసము అయిదు సెంట్లు పంట నాణ్యమును దిగుబడిని పెంచుటకు వినియోగింపవలెను. తక్కిన పదునైదు సెంట్లతో ఏమి చేయవలెనో సంఘసభలో చర్చించి, ఓట్లు లెక్కపెట్టి, పుస్తకమున వ్రాసికొందురు.